చిన్న వ్యాపార సంస్థలో ప్రజాసంబంధాల ఇంటర్న్‌షిప్: విద్యార్థులు, తల్లిదండ్రులు గమనించవలసిన విషయాలు

బెంగళూరు కళాశాలల్లో పత్రికారచన, వాణిజ్యశాస్త్రం, వ్యాపార నిర్వహణ చదివే విద్యార్థులలో అనేకులు కోర్సులో భాగంగా కొన్ని వారాల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయవలసి ఉంటుంది. పెద్ద సంస్థలలో స్థానాలు పరిమితం, పోటీ తీవ్రం. అందువలన పలువురు ఇంటికి చేరువలోని చిన్న సంస్థలను ఆశ్రయిస్తారు. చిక్కపేటలోని చీరల దుకాణం, మారతహళ్ళిలోని భోజనశాల, పచ్చళ్లు, పొడులు తయారుచేసి అమ్మే కుటుంబ సంస్థ, ట్యూషన్ కేంద్రం, దంతవైద్యశాల వంటివి ఈ కోవలోనివి. ప్రజాసంబంధాల పని నేర్చుకోవడానికి ఇవి చక్కని చోట్లే. అయితే పెద్ద సంస్థలలో లేని బాధ్యత ఒకటి ఇక్కడ విద్యార్థి భుజాన పడుతుంది. పెద్ద సంస్థలో ఇంటర్న్ రాసిన మాటను ఇద్దరు ముగ్గురు పైఅధికారులు దిద్దిన తరువాతనే బయటకు పంపుతారు. చిన్న సంస్థలో సాయంత్రం రాసిన మాట ఆ సాయంత్రమే యజమాని పేరు మీద వందలాది కొనుగోలుదారులకు చేరుతుంది. ఆ మాట నిజమేనా అని ముందుగా అడగవలసిన వ్యక్తి ఇంటర్నే. ఈ వ్యాసంలోని సూచనలన్నిటికీ ఆధారం ఈ విషయమే.

ప్రకటన వేరు, ప్రజాసంబంధాలు వేరు

సొమ్ము చెల్లించి పత్రికలోనో తెర మీదనో కొనుక్కునే స్థలం ప్రకటన. అందులో ఏమి చెప్పాలో కొన్నవారు నిర్ణయిస్తారు. ప్రజాసంబంధాలలో ఆ వెసులుబాటు లేదు. విలేకరి వార్తగా రాయాలన్నా, కొనుగోలుదారు మరొకరికి చెప్పాలన్నా, వీధిలోనివారు సంస్థను తమదిగా భావించాలన్నా నమ్మకం కుదరాలి. అమెరికాలో 1906లో బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేసిన ఐవీ లీ పత్రికలకు ఒక సూత్ర ప్రకటన పంపాడు. తన పని బహిరంగంగా సాగుతుందని, ఇచ్చే సమాచారం కచ్చితంగా ఉంటుందని అందులో హామీ ఇచ్చాడు. ఈ వృత్తి చరిత్ర చెప్పేవారు నేటికీ ఆ ప్రకటనను ప్రస్తావిస్తారు. భారతదేశంలో 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1968లో ఢిల్లీలో జరిగిన తొలి అఖిల భారత సదస్సుకు గుర్తుగా ఏటా ఏప్రిల్ 21న జాతీయ ప్రజాసంబంధాల దినోత్సవం జరుపుతున్నారు.

చిన్న సంస్థకు ‘ప్రజలు’ అంటే కొనుగోలుదారులు మాత్రమే కారు. సరకు ఇచ్చే మండీ వర్తకులు, పక్క దుకాణాలవారు, పైఅంతస్తులో కాపురముండేవారు, సరకు చేరవేసే కుర్రవాళ్లు, వార్డు కార్యాలయ సిబ్బంది, స్థానిక విలేకరులు కూడా ఆ ప్రజలలోని వారే. ఇంటర్న్ మొదటి వారంలో చేయదగిన ఉత్తమమైన పని ఈ జాబితా తయారు చేయడం. ప్రతి వర్గానికి సంస్థ నుంచి ఏమి తెలియాలి, వారి మాట సంస్థకు ఏ దారిన చేరుతున్నది అనే రెండు ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే, యజమానికే తెలియని లోపాలు కొన్ని బయటపడతాయి. దుకాణం ముందు వాహనాలు నిలపడం గురించి పక్కవారికి ఆరు నెలలుగా ఉన్న కోపం కొత్త పోస్టరుతో తీరేది కాదు.

పని తీరు

పచ్చళ్లు తయారుచేసే ఒక చిన్న సంస్థను ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్కడ ప్రజాసంబంధాల ఇంటర్న్‌కు సాధారణంగా పడే పనులు ఇవి: పత్రికా ప్రకటన రాయడం, ఫొటోలకు వివరణ రాయడం, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలో సమాచారం పెట్టడం, కొనుగోలుదారుల అభిప్రాయాలకు జవాబివ్వడం, పత్రికలలో వచ్చిన వార్తలను భద్రపరచడం. వీటిలో దేనికైనా ముందు ఇంటర్న్ ఒకటి రెండు రోజులు వంటశాలలోను, అమ్మకపు బల్ల వద్దను గడపాలి. కాయ ఎక్కడి నుంచి వస్తుంది, ఏ నూనె వాడతారు, సీసాపై తేదీ ఎవరు ముద్రిస్తారు అన్నవి కళ్లారా చూసినవారే సరిగా రాయగలుగుతారు.

పత్రికా ప్రకటన ఒక పుట మించకూడదు. ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నవి మొదటి రెండు వాక్యాలలోనే తెలియాలి. ‘నగరంలోనే మొట్టమొదటి’, ‘అత్యుత్తమ’ వంటి మాటలకు రుజువు లేకపోతే వాటిని తీసివేయడమే మేలు. విలేకరి ఎలాగూ కొట్టివేస్తాడు. కొత్త శాఖ తెరుస్తున్నామన్న సంగతి సంస్థకు పెద్దదే కాని, పత్రికకు అది వార్త కాకపోవచ్చు. అదే శాఖలో ఆ వాడ మహిళలు పదిమందికి పని దొరికితే, అది నిజమైతే, స్థానిక వార్త అవుతుంది. ఫొటోతో పాటు ఎడమ నుంచి కుడికి వరుసగా పేర్లు, ఫొటో తీసినవారి పేరు, మరిన్ని వివరాలకు సంప్రదించవలసిన వ్యక్తి పేరు పంపాలి. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి.

భాష విషయం

తెలుగింటి విద్యార్థికి ఈ నగరంలో ఒక సహజమైన బలముంది. కన్నడ, తెలుగు లిపులు ఒకే మూలం నుంచి చీలినవి. అక్షరాలు అంత దగ్గరగా ఉండడం వలన తెలుగు చదవగలవారు కన్నడ చదవడం త్వరగా నేర్చుకోగలరు. ఇంట తెలుగు, వీధిలో కన్నడ, తరగతిలో ఇంగ్లీషు, పొరుగింట తమిళమో ఉర్దూనో వినే విద్యార్థి చిన్న సంస్థకు నిజంగా ఉపయోగపడతాడు. ఈనాడు, సాక్షి వంటి తెలుగు పత్రికల బెంగళూరు విలేకరులకు తెలుగులోను, ప్రజావాణి వంటి కన్నడ పత్రికలకు కన్నడలోను ప్రకటన పంపగలగడం చిన్న విషయం కాదు.

అయితే పోలిక ఉన్నచోటే పొరపాటూ పొంచి ఉంటుంది. ఆవకాయ కలిపిన రెండు మూడు రోజులకు ‘ఊట’ వస్తుందని తెలుగువారు అంటారు. కన్నడంలో ‘ఊట’ అంటే భోజనం. తెలుగులో ‘తిండి’ అంటే ఏ ఆహారమైనా కావచ్చు, కన్నడంలో అది ముఖ్యంగా ఉపాహారం. వి.వి.పురంలోని ‘తిండి బీది’ పేరుకు అర్థం చిరుతిళ్ల వీధి అని. పచ్చడి సీసా మీద తెలుగు వాక్యాన్ని కన్నడ అక్షరాలలో రాసి పంపితే అది అనువాదం కాదు. కన్నడం మాతృభాషగా గల ఒకరు చదివి సరేనన్న తరువాతనే ఏ కన్నడ పాఠమైనా బయటకు వెళ్లాలి. ‘గారు’ స్థానంలో ‘అవరు’ చేర్చడం వంటి చిన్న మర్యాదలు కూడా ఆ చదివినవారే గుర్తుచేస్తారు.

నామఫలకాల విషయంలో మర్యాదతో పాటు చట్టమూ ఉంది. 2024లో సవరించిన కన్నడ భాషా సమగ్రాభివృద్ధి చట్టం ప్రకారం వ్యాపార సంస్థల నామఫలకంపై 60 శాతం కన్నడం ఉండాలి, అదీ ఫలకం పైభాగంలో ఉండాలి. కొత్త ఫలకం నమూనా తయారుచేసే పని ఇంటర్న్‌కు అప్పగిస్తే ముందుగా ఈ సంగతి యజమానికి గుర్తుచేయాలి. గోడలు, స్తంభాలు, వంతెనల మీద అనుమతి లేకుండా పోస్టర్లు అంటించడం 1981 నాటి కర్ణాటక బహిరంగ ప్రదేశాల వికృతీకరణ నిరోధక చట్టం కింద శిక్షార్హం. 2025 సెప్టెంబరు నుంచి నగరం గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం కింద ఐదు నగరపాలికలుగా ఉన్నది. కనుక అనుమతుల కోసం దుకాణం ఏ నగరపాలిక పరిధిలో ఉన్నదో ముందే తెలుసుకోవాలి. రాత్రివేళ పోస్టర్లు అంటించి రమ్మని పంపితే ఇంటర్న్ మర్యాదగా నిరాకరించవచ్చు. పట్టుబడేది అంటించిన మనిషే.

ఫిర్యాదు వచ్చిన రోజు

ప్రజాసంబంధాల పనికి అసలు పరీక్ష ఫిర్యాదు వచ్చిన రోజున ఎదురవుతుంది. ఒక కొనుగోలుదారు పచ్చడి సీసాలో బూజు పట్టిందని ఫొటోతో సహా అందరికీ కనిపించేలా రాశారనుకోవాలి. తడి చెంచా పెట్టడం వలన బూజు పట్టవచ్చు. నూనె, ఉప్పు తక్కువైనా, సీసా సరిగా ఆరకపోయినా పట్టవచ్చు. కారణం తెలియకముందే కొనుగోలుదారుపై తప్పు మోపడం గాని, ‘మా వద్ద ఇలాంటిది ఎన్నడూ జరగలేదు’ అనడం గాని తగదు. ఆ వ్యాఖ్యను తొలగించమని ఒత్తిడి చేయడం అంతకన్నా నష్టకరం.

ఇంటర్న్ ముందుగా యజమానికి, వంటశాల బాధ్యులకు విషయం చెప్పాలి. బ్యాచ్ సంఖ్య అడగాలి. అదే బ్యాచ్‌లో మిగిలిన సీసాలను తెరిచి చూడాలని కోరాలి. జవాబు ఈ విధంగా ఉండవచ్చు:

“మీకు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాము. సీసాపై ఉన్న బ్యాచ్ సంఖ్యను, కొనుగోలు చేసిన తేదీని దయచేసి తెలియజేయండి. ఆ బ్యాచ్ సీసాల అమ్మకాన్ని ఈ రోజు నుంచి నిలిపివేశాము. పరిశీలనలో తేలిన విషయాన్ని శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే తెలుపుతాము.”

ఈ జవాబులో మూడవ వాక్యం ముఖ్యమైనది. అమ్మకం నిజంగా ఆగితేనే ఆ వాక్యం రాయాలి. ఆగకపోతే అది అబద్ధమవుతుంది, పైగా అది ఆహారం విషయంలో ఆడిన అబద్ధం. యజమాని ఇంకా నిర్ణయించలేదంటే ‘పరిశీలిస్తున్నాము’ అని మాత్రమే రాసి, నిర్ణయం కోసం మళ్లీ అడగాలి. చివరి వాక్యంలో ఇచ్చిన గడువు నాటికి ఏమీ తేలకపోయినా, తేలలేదన్న మాటనైనా చెప్పాలి. ఇంటర్న్ రాసిన జవాబు వంటశాలలో జరిగే పనిని మార్చగలిగితే ఆ ఇంటర్న్‌షిప్ సార్థకమైనట్లే.

రాయకూడని మాటలు

చిన్న సంస్థల యజమానులలో చాలామంది మోసం చేయాలని అనుకోరు. ఇతరులు చేస్తున్నది చూసి తామూ అడుగుతారు. అడిగినది చట్టానికి విరుద్ధమైతే ఆ సంగతి చెప్పగలగడానికి ఇంటర్న్ కొన్ని నియమాలు తెలుసుకోవాలి.

మొదటిది, కల్పిత సమీక్షలు. స్నేహితుల ఫోన్ల నుంచి యాభై మంది చేత అయిదు నక్షత్రాలు పెట్టించమని కోరడం నేడు మామూలైపోయింది. ఆన్‌లైన్ సమీక్షల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ‘ఐఎస్ 19000’ అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. సమీక్ష రాసినవారు నిజమైన వినియోగదారులై ఉండాలన్నది దాని సారాంశం. తప్పుదారి పట్టించే ప్రకటనలపై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, తప్పు పునరావృతమైతే 50 లక్షల వరకు జరిమానా విధించగలదు.

రెండవది, ఆరోగ్యం గురించిన మాటలు. ‘ఈ కరివేపాకు పొడి మధుమేహాన్ని తగ్గిస్తుంది’ వంటి వాక్యం ఇంట్లో పెద్దలు మాటవరసకు అనేది కావచ్చు. అమ్మకపు వస్తువుపై రాస్తే మాత్రం ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నిబంధనలకు విరుద్ధమవుతుంది. ఆహారం గురించి తప్పుడు ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. నిల్వ పదార్థం వాడుతూ ‘నిల్వ పదార్థాలు లేవు’ అని రాయడమూ అటువంటిదే.

మూడవది, దాచిపెట్టిన సంబంధం. సంస్థ నుంచి సొమ్ము గాని, ఉచిత వస్తువు గాని పుచ్చుకొని మెచ్చుకొనేవారు ఆ సంబంధాన్ని స్పష్టంగా తెలపాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంటర్న్ తన సొంత ఖాతా నుంచి సంస్థను పొగిడినప్పుడు కూడా, తాను అక్కడ పనిచేస్తున్నట్లు చెప్పడం న్యాయం.

నాలుగవది, ఫోన్ నంబర్లు. బిల్లు కోసం ఇచ్చిన నంబరును ప్రచార సందేశాలకు వాడాలంటే వేరుగా అనుమతి ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ సూత్రంపైనే నిలిచింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. అపార్ట్‌మెంటు సంఘం వాట్సాప్ బృందం నుంచి నంబర్లు దించుకొని రమ్మనడం, వాటిని ఇంటర్న్ సొంత ఫోనులో ఉంచడం రెండూ తగనివే.

చేరే ముందు రాతపూర్వకంగా

ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్‌షిప్ అనే మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడతారు. చట్టం దృష్టిలో అవి వేరు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద సంస్థకు, అభ్యర్థికి మధ్య ఒప్పందం నమోదవుతుంది, స్టైపెండ్ కూడా నిర్ణీతమే. 2019లో సవరించిన నిబంధనలు డిగ్రీ పూర్తిచేసిన అప్రెంటిస్‌కు నెలకు 9,000 రూపాయలు కనీసంగా నిర్ణయించాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద నమోదైనవారికి నిర్ణీత కనీస మొత్తంలో సగాన్ని కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. చిన్న సంస్థ యజమానికి ఈ విషయం చెప్పడం ఇద్దరికీ మేలు. కళాశాల మార్కుల కోసం చేసే మామూలు ఇంటర్న్‌షిప్‌కు ఇటువంటి స్థిరమైన రక్షణ లేదు. అందువలన మొదటి రోజు చేతికి వచ్చే పత్రమే దానికి ఆధారం.

ఆ పత్రంలో ఉండవలసినవి: ఆరంభ, ముగింపు తేదీలు, రోజుకు, వారానికి పని గంటలు, స్టైపెండ్ ఎంత, ఏ తేదీన ఇస్తారు, స్టైపెండ్ లేకపోతే ఆ మాట స్పష్టంగా, బస్సు, మెట్రో ఖర్చులు ఎవరివి, నేర్పే పనుల జాబితా, పని చూపించి దిద్దించుకోవలసిన వ్యక్తి పేరు, చివర ఇచ్చే ధ్రువపత్రం. ‘మనవాళ్లే, కాగితాలెందుకు’ అనే మాట తెలుగు కుటుంబాల మధ్య తరచుగా వినిపిస్తుంది. యజమాని బంధువైనా, ఊరివాడైనా పత్రం ఉండడం వలన సంబంధం చెడదు. తేదీలు, సొమ్ము ముందుగా రాసుకొన్నచోటే తరువాత మనస్పర్థలు తక్కువ.

ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని సొమ్ము అడిగేవారిని, అసలు ధ్రువపత్రాలు తమ వద్ద ఉంచమనేవారిని నమ్మరాదు. సంస్థ నిజమైనదో కాదో తెలుసుకోవడానికి జీఎస్టీ సంఖ్యను, ఉద్యం నమోదును, ఆహార సంస్థ అయితే సీసాపై ఉండే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్యను సంబంధిత ప్రభుత్వ పోర్టల్‌లో సరిచూడవచ్చు. ఉద్యం కింద సూక్ష్మ సంస్థ అనిపించుకోవాలంటే, 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాలు, పరికరాలపై పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలు, వార్షిక టర్నోవర్ 10 కోట్ల రూపాయలు మించరాదు. ఇంటర్న్‌లను తీసుకొనే వీధి దుకాణాలు చాలావరకు ఈ వర్గంలోకే వస్తాయి.

ప్రజాసంబంధాల పని అని పిలిచి, రోజంతా బిల్లులు కొట్టించడం, సరకు మోయించడం జరిగితే అది శిక్షణ కాదు. ఒక పూట సాయం వేరు, నెలంతా అదే పని వేరు. ప్రతిరోజు చేసిన పనిని రెండు వాక్యాలలో రాసి ఉంచితే, కళాశాల మార్గదర్శికి చూపడానికి ఆ పుస్తకమే సాక్ష్యం అవుతుంది.

భద్రత, సహాయం

పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం శిక్షణలో ఉన్నవారికీ, జీతం లేకుండా పనిచేసేవారికీ వర్తిస్తుంది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువ మంది ఉన్నచోట, లేదా ఫిర్యాదు యజమానిపైనే అయినప్పుడు, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి రాయవచ్చు. సాధారణంగా సంఘటన జరిగిన మూడు నెలలలోగా ఫిర్యాదు చేయాలి. చిన్న సంస్థలో చేరే అమ్మాయిలు, వారి తల్లిదండ్రులు ఈ స్థానిక కమిటీ సంగతిని ముందే తెలుసుకొని ఉండాలి, ఎందుకంటే అటువంటి చోట్ల చెప్పుకోవడానికి సంస్థలో మరొక అధికారి ఉండరు.

న్యాయ సలహా కావలసినవారు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, వికలాంగులకు, నిర్ణీత ఆదాయానికి లోబడినవారికి జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థ ఉచితంగా సహాయం అందిస్తుంది.

వెళ్లేనాటికి

సంస్థ ఖాతాలను ఇంటర్న్ సొంత ఫోన్ నంబరుతో, సొంత ఈమెయిల్‌తో తెరవకూడదు. తెరిచి ఉంటే చివరి రోజుకు ముందే యజమాని పేరుకు మార్చి, రహస్య సంకేతాలు మార్పించి, అప్పగించినట్లు రాసి ఇవ్వాలి. కొనుగోలుదారుల నంబర్లు తన ఫోనులో ఉంటే తొలగించాలి. ఇంటర్న్‌కు దక్కవలసినవి మూడు: తేదీలు, పనులు స్పష్టంగా రాసిన ధ్రువపత్రం, అనుమతితో తీసుకొన్న పత్రికా ప్రకటనల, వార్తల ప్రతులు, బాకీ ఉన్న స్టైపెండ్.

రేపు ఉద్యోగానికి వెళ్లినచోట ఎన్ని ‘లైకులు’ వచ్చాయని అడగవచ్చు. ఆ లెక్కతో పాటు మరికొన్ని చెప్పగలగాలి: ఫిర్యాదుకు జవాబివ్వడానికి మొదట్లో ఎన్ని రోజులు పట్టేది, చివరికి ఎన్ని గంటలకు తగ్గింది, ఎన్ని వార్తలలో సంస్థ పేరు, చిరునామా తప్పులేకుండా వచ్చాయి, బూజు పట్టిన సీసాపై ఫిర్యాదు రాసినవారు మళ్లీ వచ్చి కొన్నారా. ఈ లెక్కలు చిన్న సంస్థలో ఇంటర్న్ స్వయంగా చూసి రాసుకోగలడు. అందుకు మొదటి రోజు నుంచే ఒక నోటుపుస్తకం తెరిచి ఉంచితే చాలు.